చిలికా మొగ – రొయ్య, పీత, గుల్లల జీవనము – ఒడిశా తీరపు తెలుగు జాలరులు

గంజాము మండలపు సముద్రతీరమునను, పూరీ పట్టణపు ఇసుకతిన్నెలపైనను, చిలికా సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న సన్నని నేలపైనను తెలుగు మాటాడు జాలరులు తరతరములుగా నివసించుచున్నారు. ఒడిశావారు వీరిని నోళియాలందురు. వీరిలో పెక్కురు వాడబలిజలు, జాలరులు. ఇంట తెలుగు, అంగడిలో ఒడియా వీరి వాడుక. దేవాలయ శాసనములలోను, జమీందారీ దస్తరములలోను వీరి చరిత్రను వెదకినచో లభించునది స్వల్పము. రాజులును, కవులును వీరి యూళ్లలో పుట్టలేదు. కాని వీరి జీవనమును నడపిన ప్రకృతి క్రమమును గూర్చి మాత్రము నూరేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు పరిశోధనలు సాగించిరి. చిలికా సరస్సు సముద్రముతో కలియు మొగ, ఆ మొగ గుండ రాకపోకలు సాగించు రొయ్య, పీత, గుల్ల మొదలగు పెంకు జలచరములు ఆ పరిశోధనలకు విషయములు. ఆ పరిశోధనల చరిత్రను ఈ తెలుగువారి చరిత్రతో కలిపి చదువుట యుక్తము. ఏలయన రెండింటికిని కేంద్రము ఆ యొక్క మొగయే.

సరస్సు స్వరూపము

చిలికా సరస్సు పూరీ, ఖుర్దా, గంజాము మండలముల నడుమ నున్నది. వర్షకాలమున దీని వైశాల్యము సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు. వేసవిలో సుమారు 906 చదరపు కిలోమీటర్లు. సముద్రముతో సంబంధము గల ఉప్పునీటి సరస్సులలో భారతదేశమున ఇంత పెద్దది వేరొకటి లేదు. ఉత్తరమున దయా, భార్గవి మొదలగు మహానది పాయలు ఇందు కలియును. పడమటి కొండలనుండి వాగులు దిగును. తూర్పున సరస్సును సముద్రమునుండి వేరుచేయు ఇసుకదిబ్బ కలదు. ఆ దిబ్బ వెంబడి సాగు సన్నని వెలుపలి కాలువ చివర మొగ యుండును. దక్షిణమున పాలూరు కాలువ ఋషికుల్యా నదీముఖముతో సరస్సును కలుపుచున్నది.

ఈ సరస్సు నీరు సంవత్సరము పొడుగున ఒక్క తీరున ఉండదు. వానకాలమున నదుల వరదతో ఉత్తరభాగము దాదాపు మంచినీటి చెరువగును. వరద తీసిన పిమ్మట ఆటుపోటులు బలము పుంజుకొనగా ఉప్పదనము క్రమముగా లోనికి ప్రాకును. మొగ సమీపమున వేసవిలో నీటి ఉప్పదనము సముద్రపు ఉప్పదనమునకు చేరువగును. దక్షిణభాగము ఈ రెంటికిని నడిమి స్థితిలో నుండును. ఒక్క సరస్సులోనే ఇన్ని విధముల నీరు ఉండుటచేతనే ఇందు ఇన్ని విధముల జీవులు బ్రదుకుచున్నవి.

మొగ కూడ స్థిరమైనది కాదు. నైరుతి ఋతుపవన కాలపు అలలు తీరము వెంబడి ఇసుకను ఈశాన్యమునకు త్రోయును. ఆ ఇసుక తిప్పగా పెరిగి మొగను ఈశాన్యమునకు జరుపుచుండును. మొగ దూరమైన కొలదిని వెలుపలి కాలువ పొడవగును. కాలువ పొడవైన కొలదిని పోటు బలము తగ్గును. బలము తగ్గిన కొలదిని ఇసుక మరింత నిలుచును. అప్పుడప్పుడు పెద్ద వరదయో, తుపానో దిబ్బను తెగగొట్టి కొత్త మొగను చేయుటయు కలదు. తీరవాసులకు ఈ మార్పులు తరతరముల అనుభవము.

తీరమున తెలుగువారు

గంజాము మండలము 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలోనిది. ఆ దినమున ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై గంజాములోని అధికభాగము అందు చేరినది. అంతకుముందు చిలికా సరస్సు దక్షిణపు కొస మద్రాసు పాలనలోను, తక్కిన భాగము మొదట బంగాళా, 1912 నుండి బీహారు–ఒరిస్సా పాలనలోను ఉండెను. ఇట్లు ఒక్క నీటి మీద రెండు ప్రభుత్వముల అధికారము నడచినది. తెప్పలపై వేటాడువారికి ఆ సరిహద్దు పట్టలేదు. శ్రీకాకుళము మొదలు పూరీ వరకు తీరమంతయు వారికి ఒక్కటే. పూరీలోని పెంఠకటా, గంజాములోని గోపాలపురము మొదలగు చోట్ల తెలుగు జాలరుల పల్లెలు నేటికిని పెద్దవి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమున గంజాము, విశాఖపట్టణ తీరముల తెలుగు జాలరి కులములను గూర్చి ప్రత్యేక వివరణలు కలవు.

చిలికా చుట్టును మత్స్యకార కులములు పెక్కు కలవు. కేవుట, కైబర్త, కండరా, తియరా మొదలగువారు ఒడియా మాటాడువారు, నోళియాలు తెలుగువారు. ప్రతి కులమునకును తనదైన వల, తనదైన వేట చోటు, తనదైన ఋతువు ఉండుట పూర్వాచారము. ఒకరు రొయ్యను పట్టు మావులు పెట్టిరి. ఒకరు పీతలను పట్టిరి. ఒకరు చేపలకు వలలు వేసిరి. నోళియాల వేట ప్రధానముగా సముద్రముపైన, మొగ పరిసరములందు సాగినది. తేలికయగు కలప దుంగలను మోకులతో బిగించి కట్టిన తెప్ప వీరి ప్రధాన సాధనము. కీలుకీలునకు నీరు జారిపోవు ఆ తెప్ప పెద్ద యలలను దాటగల శక్తి గలది. పూరీ తీరమున యాత్రికులను అలలనుండి రక్షించువారుగా నోళియాలు దేశమంతట ప్రసిద్ధులైరి.

తొలి శాస్త్రీయ పరిశోధన

చిలికా గుల్లలను శాస్త్రదృష్టితో చూచినవారిలో మొదటివారు భూగర్భ శాస్త్రజ్ఞులు. 19వ శతాబ్దమున విలియం బ్లాన్‌ఫర్డ్ సరస్సు పడమటి గట్టున నీటిమట్టమునకు ఎగువ పాత గుల్లల నిక్షేపములను గమనించెను. అందలి రక్తగుల్ల వంటివి ఆనాటి సరస్సులో బ్రదికి యుండలేదు. నదీముఖములందు మాత్రము విరివిగా నుండెను. పూర్వము ఇచ్చట సముద్రపు నీరు మరింత లోనికి వచ్చుచుండెనని ఆ గుల్లలు సాక్ష్యము పలికినవి. దూరము పోలేక, నాటుకొనిన చోటనే బ్రదికి చచ్చు గుల్ల ఆ చోటి నీటి చరిత్రను తన పెంకుతో నిలిపిపోవును. శాసనములు లేని చోట అదియే శాసనము.

సమగ్ర పరిశోధన 1913–14 సంవత్సరములలో జరిగినది. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియమునకు చెందిన నెల్సన్ అనండేల్, స్టాన్లీ కెంప్ అను శాస్త్రజ్ఞులు అన్ని ఋతువులందును సరస్సుపై తిరిగి నీటి ఉప్పదనమును కొలిచి, జీవులను సేకరించిరి. వారి ఫలితములు 1915 నుండి మ్యూజియము స్మారక సంపుటములందు వెలువడినవి. సరస్సు దక్షిణమున రంభ సమీపముననున్న బర్కుడా ద్వీపమున అనండేల్ ప్రత్యేక పరిశీలనలు చేసెను. ఆ ద్వీపమున లభించిన కాళ్లులేని బల్లిజాతి ప్రాణికి 1917లో ద్వీపము పేరే పెట్టెను. 1916లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా స్థాపితము కాగా ఆయన దానికి మొదటి డైరెక్టరయ్యెను. కెంప్ రొయ్య, పీత జాతులందు నిపుణుడు.

వారి పరిశోధన తేల్చిన ముఖ్యాంశము ఇది: చిలికాలో స్థిరనివాసము చేయు జీవులు ఉప్పదనపు మార్పులకు ఓర్చుకొనగల జాతులు. అట్టి ఓర్పు లేనివి ఋతువునుబట్టి సముద్రమునుండియో, నదినుండియో వచ్చి పోవు అతిథులు. సరస్సు జీవజాలము ఎంత యుండవలెనో, ఏది యుండవలెనో నిర్ణయించునది ఉప్పునీటికిని మంచినీటికిని గల తూకము. ఆ తూకపుముల్లు మొగ.

మూడు రాకపోకలు

ఆ పిమ్మటి కాలమున మత్స్యశాస్త్రజ్ఞులు ఈ విషయమును ఒక్కొక్క జాతి జీవితము ద్వారా వివరించిరి. 1947లో కేంద్రప్రభుత్వము సముద్ర మత్స్యములకు మద్రాసు రాజధానిలో ఒకటి, లోనాటి మత్స్యములకు కలకత్తా సమీపమున ఒకటి పరిశోధన కేంద్రములను స్థాపించెను. రెండవ దాని శాఖ చిలికా గట్టున బాలుగావ్ వద్ద పనిచేసినది. 1954లో జోన్స్, సుజన్‌సింగాని అనువారు చిలికా చేపలను, వేటను గూర్చి ప్రకటించిన వ్యాసము నేటికిని ప్రమాణముగా నున్నది. నదీముఖపు రొయ్యల పరిణతిని, సంతానోత్పత్తిని గూర్చి టి. రాజ్యలక్ష్మి 1961లో ప్రకటించిన పరిశోధన ఈ రంగమున ముఖ్యమైనది.

చారల రొయ్య, తెల్ల రొయ్య మొదలగునవి సముద్రమున గ్రుడ్లు పెట్టును. ఒక్క పెద్ద చారల రొయ్య పెట్టు గ్రుడ్లు లక్షలలో నుండును. ఒక దినము లోపలనే పిల్ల వెలువడి, పెక్కు రూపములు మార్చి, రెండు మూడు వారములలో రొయ్య ఆకృతి దాల్చును. అప్పుడది పోటునీటితో మొగ గుండ సరస్సులో ప్రవేశించును. లోన గడ్డినేలలందు, బురదయందు ఆహారము సమృద్ధి, శత్రువులు తక్కువ. కొన్ని మాసములు పెరిగి, సంతానోత్పత్తికై అది మరల సముద్రమునకు పోవును. దీనికి సరస్సు పురిటిల్లు కాదు, పెంచిన యిల్లు.

మండపీత జీవితము కూడ ఇట్టిదే. ఆడ, మగ పీతలు సరస్సు నీటిలోనే కలియును. పిదప ఆడుది సముద్రమునకు పోయి గ్రుడ్లను పొదుగును. పిల్లలు అలలపై తేలుచు రూపములు మారి తీరమునకు మరలి వచ్చును.

నీలకంఠ రొయ్య మార్గము దీనికి విరుద్ధము. అది నదిలోని మంచినీటిలో పెరుగును. దాని పిల్లలు ఉప్పు కలిసిన నీటిలోగాని బ్రదుకజాలవు. కాబట్టి తల్లి నదినుండి సంగమ ప్రదేశమునకు దిగివచ్చును. పిల్లలు ఎదిగి నదికి ఎక్కిపోవును. మొగ పూడి సరస్సు నీరంతయు మంచినీరైనను, నది ఎండి అంతయు ఉప్పునీరైనను ఈ జాతి నశించును.

గుల్లలు, ఆల్చిప్పలు ప్రయాణము చేయునవి కావు. వాని పిల్లలు కొన్నాళ్లు నీటిలో తేలి, అనువైన చోట నాటుకొనును. పిమ్మట నీటిని వడగట్టి ఆహారము గ్రహించుచు అచ్చటనే యుండును. నీటి గుణము ఒక్కసారిగా మారినచో పారిపోవు వీలు వానికి లేదు. చచ్చిన గుల్లలను కాల్చి చేయు గుల్లసున్నము తీరదేశపు ఇండ్లకు, గుడులకు పూర్వము ముఖ్యాధారము.

ఈ వివరణలనుండి తెలుగు జాలరులకు నేరుగా సంబంధించిన ఒక విషయము తేలుచున్నది. సముద్రముపై నోళియా వలలో పడు రొయ్య సరస్సులో పెరిగి బయటికి వచ్చినది. సరస్సులో కేవుటవాని మావులో పడు రొయ్య సముద్రమున పుట్టి లోనికి వచ్చినది. సరస్సు జాలరి, సముద్ర జాలరి అను విభజన ప్రభుత్వ శాఖలలో కలదు గాని రొయ్య జీవితమున లేదు. మొగ మూసికొనినచో ఇరువురి వలలును ఖాళీ యగును.

మొగ పూడుట

ఈ సత్యము 20వ శతాబ్దపు చివరి దశకములలో కఠినముగా రుజువైనది. నదులు తెచ్చు ఒండ్రు సంవత్సరమునకు పది లక్షల టన్నులకు మించి సరస్సులో చేరుచుండెను. వెలుపలి కాలువ పూడి, మొగ దూరమై, ఉప్పదనము తగ్గెను. మంచినీటి కలుపుమొక్కలు ఉత్తరభాగమున వ్యాపించెను. 1980ల నడుమ సంవత్సరమునకు ఎనిమిది వేల టన్నుల ప్రాంతముననుండిన చేప, రొయ్య, పీతల దిగుబడి 1990ల చివరకు రెండు వేల టన్నులకు లోపు పడిపోయెను. 1981లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలగా గుర్తింపబడిన ఈ సరస్సు, 1993లో ప్రమాదస్థితిలో నున్న తడినేలల పట్టికకు ఎక్కెను.

ఆ కాలముననే రొయ్యకు విదేశములందు గిరాకి హెచ్చెను. ధనవంతులు సరస్సు అంచులలో కట్టలు వేసి, వలలు కట్టి రొయ్యల పెంపకము ప్రారంభించిరి. పిల్ల రొయ్యలు ఆగి పెరుగు గడ్డినేలలు ఈ కట్టలలో చిక్కెను. 1991–92లో పెద్ద వ్యాపార సంస్థతో కలిసి ప్రభుత్వము తలపెట్టిన రొయ్యల క్షేత్రమునకు వ్యతిరేకముగా జాలరులు చిలికా రక్షణోద్యమము నడపిరి. ఆ పథకము ఆగిపోయెను. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు చిలికా, పులికాటు సరస్సులకు వేయి మీటర్ల లోపల రొయ్యల చెరువులను నిషేధించెను. అయినను కట్టలు తొలగలేదు. 1999 మే 29న సొరణా గ్రామమున పోలీసు కాల్పులలో నలుగురు మృతిచెందిరి. పెంకు జలచరముల పెంపక స్థలము ఎవరిదను ప్రశ్న పరిశోధనశాలను దాటి ప్రాణములు తీయు ప్రశ్నయైనది.

కొత్త మొగ

1990ల ఆరంభమున ఏర్పడిన చిలికా అభివృద్ధి సంస్థ, పుణెలోని కేంద్ర జలవిద్యుత్ పరిశోధన కేంద్రముచే నీటి ప్రవాహమును గూర్చి అధ్యయనములు చేయించెను. వాని ఆధారముగా 2000 సెప్టెంబరు 23న సిపాకుడా వద్ద ఇసుకదిబ్బను త్రవ్వి కొత్త మొగను తెరచిరి. సముద్రమునకును సరస్సునకును నడుమ కాలువ దూరము సుమారు 18 కిలోమీటర్లు తగ్గెను. పోటునీరు తిరిగి లోనికి ప్రవహించెను. 2001–02లో దిగుబడి పది వేల టన్నులను దాటెను. చారల రొయ్య, మండపీత తిరిగి విరివిగా కానవచ్చెను. 2002లో చిలికా ప్రమాదపట్టికనుండి తొలగింపబడి, రామ్‌సర్ పురస్కారమును కూడ పొందెను. ఎనుబదియేండ్లకు పూర్వము అనండేల్, కెంప్‌లు నీటిని కొలిచి చెప్పినది ఇట్లు ప్రత్యక్షముగా నిరూపితమైనది.

అయితే ఈ విజయమునకు రెండవ ప్రక్క కూడ కలదు. ఉప్పదనము హెచ్చిన పిమ్మట పడవలకును, వలలకును, మావుల కర్రలకును అంటుకొను పెంకుపురుగులు ప్రబలినవనియు, వాని వాడి అంచులు చేతులను, కాళ్లను కోయుచున్నవనియు జాలరులు పరిశోధకులకు చెప్పిరి. పోటుతో లోనికి వచ్చిన ఇసుక కొన్ని పాత వేట చోట్లను కప్పివేసినది. ఆటుపోటుల వేగము మారగా పూర్వపు వలకట్లు కొన్ని పనికిరాకపోయెను. మొత్తపు దిగుబడి పెరిగినను ఆ పెరుగుదల అందరి గంపలకు సమానముగా చేరలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినపుడును, 2019 మే 3న ఫణి తుపాను పూరీ వద్ద దాటినపుడును తీరపు పల్లెలు దెబ్బతిని, మొగల స్వరూపము, సరస్సు ఉప్పదనము మరల మారినవి. మొగను ఒక్కసారి త్రవ్వి నిశ్చింతగా నుండుటకు వీలు లేదు.

పులికాటు, కోరంగి

చిలికా పాఠము తెలుగు తీరమంతటికిని వర్తించును. ఆంధ్ర, తమిళనాడుల నడుమనున్న పులికాటు సరస్సు మొగ కూడ ఇసుకతో మూసికొనుచుండును. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 20వ శతాబ్దపు మొదటి దశకములలో అచ్చట ఆల్చిప్పల పెంపకమునకు ప్రయత్నించెను; ఫ్రాన్సులోని ఆర్కషాన్ పద్ధతులు భారతదేశమునకు నేర్పునదేమో 1910లో ఒక నివేదికలో వివరించెను. యానాము సమీపమున గౌతమీ గోదావరి నుండి విడివడు కోరంగి పాయ వెంబడి మడ అడవులు కలవు. అవి రొయ్య పిల్లలకు, పీతలకు ఆశ్రయములు. ఆ ప్రక్కనే కాకినాడ అఖాతమున రక్తగుల్ల నేటికిని బ్రదికియున్నది. దాని జీవనమును, వేటను గూర్చి కె.ఎ. నరసింహం విపులముగా పరిశోధించిరి. చిలికా గట్టున చచ్చిన పెంకుగా మిగిలిన జాతి కాకినాడలో సజీవముగా నుండుట తీరవాసులకు ఒక హెచ్చరిక. అఖాతమైనను, సరస్సైనను సముద్రముతో సంబంధము తప్పిన దినమున గుల్ల మిగులును, జీవి మిగులదు.

చేయవలసిన పని

నోళియాల పిల్లలు ఒడియా బడులలో చదువుచున్నారు. యువకులు పెక్కురు కేరళ, తమిళనాడు మొదలగు రాష్ట్రములకు కూలికి పోవుచున్నారు. తెప్పకు బదులు ఫైబరు పడవ వచ్చినది. గాలికి, నీటివాలునకు, ఇసుకతిప్పకు, రొయ్య వయోభేదములకు, పీత పెంకు విడుచు దశలకు ముసలివారి నోట నిలిచిన తెలుగు మాటలు వారితోనే పోవుచున్నవి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును ప్రకటించెను. ఆ పద్ధతిలో గోపాలపురము మొదలు పూరీ వరకు గల జాలరి పల్లెలలో పదసేకరణ జరుగవలెను. ఆ పదములు భాషకు మాత్రమే గాక శాస్త్రమునకును ఉపకరించును. ఏ యేట మొగ ఎచ్చట నుండెనో, ఏ ఋతువున ఏ పీత దొరికెనో కొలత పట్టికలు లేని కాలమునకు జాలరుల జ్ఞాపకమే పట్టిక.

అంతకు మించిన పని మరియొకటి కలదు. మొగను త్రవ్వుట, కట్టలను తొలగించుట, వేటకాలమును నిర్ణయించుట మొదలగు విషయములలో సరస్సు జాలరుల సంఘములతోపాటు సముద్ర జాలరులగు నోళియాల మాట కూడ వినబడవలెను. మొగ వెలుపల వేటాడుటచే వారు సరస్సునకు పరాయివారు కారు. రొయ్య జీవితమును నూరేండ్లు పరిశీలించిన శాస్త్రమే ఇందుకు ప్రమాణము. బరంపురము, పూరీలలోని తెలుగు సంఘములు ఈ పల్లెల పెద్దలను, చిలికాపై పనిచేయు పరిశోధకులను ఒక్కచోట కూర్చుండబెట్టినచో, ఆ మాటకు ఆధారమును, ఆ జ్ఞానమునకు లిపిని సమకూర్చినవారగుదురు.